సామిని కొరికిన కుక్క

సోమవారం సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు, మార్కాపురంలో తులసమ్మ ఇంటి వెనక వరండాలో, కుక్క తాబేలును కొరికింది. కార్తీకమాసంలో అది రెండో సోమవారం.

చూసింది కోడలు హేమలత. ఆరిన బట్టలు తీసుకుని మేడ మీద నుంచి దిగుతోంది. ఆఖరి మెట్టు దగ్గర కరకరమని శబ్దం వినిపించింది. తొంగి చూస్తే నల్లకుక్క కర్రోడు ముందుకాళ్ళ మధ్య తాబేలును బిగించి పట్టుకుని, డిప్ప అంచును పక్కపళ్ళతో నములుతోంది. హేమలత బట్టలు వదిలేసి కుక్క మెడ పట్టుకుని లాగింది. తాబేలు తల, కాళ్ళు లోపలికి ముడుచుకుని ఉంది. డిప్ప వెనక అంచున రెండు బిళ్ళలు ఊడిపోయాయి. వాటి కింద తెల్లగా ఎముక, ఎముక మీద నెత్తురు.

మూడడుగుల దూరంలో నులకమంచం మీద హేమలత తండ్రి మాలకొండయ్య కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటికి వెలుగు, నీడ తప్ప తెలియవు.

"ఏందమ్మా? ఏం కింద పడేసినావు?"

"నాయనా... కర్రోడు సామిని కొరికింది."

మాలకొండయ్య శబ్దం వచ్చిన వైపు ముఖం తిప్పాడు.

"చప్పుడు వింటానే ఉన్నా తల్లీ. పొద్దున మీ అత్త కొట్టిన కొబ్బరికాయ చిప్ప నముల్తాందనుకున్నా..." అన్నాడు.

ఆ ఇంట్లో తాబేలును సామి అంటారు. పందొమ్మిదేళ్ళ కిందట తులసమ్మ భర్త పెంచలయ్య ఎరువుల దుకాణం తెరిచిన రోజున, మొదటి లోడు తెస్తుంటే తర్లుపాడు రోడ్డు మధ్యలో అది కనబడింది. డిప్ప మీద పసుపు గీతలు చుక్కల్లా విచ్చుకుని ఉన్నాయి. బండి ఆపి, తుండుగుడ్డలో చుట్టి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఆ ఏడాది దుకాణం నిలదొక్కుకుంది. మరుసటి ఏడాది ఇల్లు కట్టారు. తాబేలు వచ్చిన వేళ అని తులసమ్మ నమ్మింది, ఇరుగుపొరుగు నమ్మారు. నాలుగేళ్ళ కిందట పెంచలయ్య గుండెపోటుతో దుకాణంలోనే పోయాడు. అప్పటి నుంచి తులసమ్మ పొద్దున లేచి మొదట మాట్లాడేది తాబేలుతోనే. ఏం మాట్లాడుతుందో ఎవరూ అడగలేదు.

కుక్క వచ్చి ఏడు నెలలయింది. హేమలత తల్లి పోయాక మాలకొండయ్య తర్లుపాడు దగ్గర పల్లెలో ఒంటరిగా ఉండేవాడు. కళ్ళు తగ్గుతున్నాయని ఎవరికీ చెప్పలేదు. ఉగాది నాడు గిన్నె దింపబోయి మంట మీదే అరచెయ్యి పెట్టాడు. చెయ్యి మానేదాకా అని చెప్పి హేమలత తండ్రిని తెచ్చుకుంది. వెంట కర్రోడు వచ్చింది. ఒక పిల్లి కూడా వచ్చింది. కర్రోడు ముందు నడిస్తే దాని తాడు పట్టుకుని ఆయన నడుస్తాడు. వీధి చివర టీ కొట్టుకు, మసీదు మలుపుకు, తిరిగి ఇంటికి. కుక్క లేకుండా ఆయన గడప దాటలేడు.

అల్లుడి ఇంట్లో మామ ఉండిపోవడం ఆ ప్రాంతంలో గౌరవమైన పని కాదు. మాలకొండయ్యకు తెలుసు, తులసమ్మకూ తెలుసు. ఏడు నెలల్లో ఆమె ఒక్కసారి కూడా పొమ్మనలేదు. ఉండమని కూడా అనలేదు.

సాయంత్రం గుడి నుంచి వచ్చి తులసమ్మ తాబేలును చూసింది. కింద కూలబడిపోయింది. పొద్దున నుంచి ఉపవాసం. చుక్క చూసి తినాల్సిన మనిషి ఆ రోజు ఏమీ తినలేదు. తాబేలును కొంగులో పెట్టుకుని, గాయం మీద పసుపు అద్ది, గోడకు ఆనుకుని కూర్చుంది.

"మనిషికి చోటిచ్చినా. పోనీలే, కళ్ళు లేని మనిషి, బిడ్డ దగ్గరికి రాక యాడికి పోతాడులే అనుకున్నా. ఆ మనిషి సంతంతా తోలుకొస్తే దానికీ చోటిచ్చినా. నా గిన్నెలో అన్నం తిని నా ఇంటి దేవుణ్ణే కొరికింది గదే హేమా..."

"అత్తా, ముందు నువ్వు కాస్త మంచినీళ్ళన్నా తాగు."

"నీళ్ళు దిగుతాయా నాకు? పందొమ్మిదేళ్ళు నా చేత్తో సాకినా. ఒక్క గీత పడనియ్యలేదు దాని ఒంటి మీద. మీ మామ శవం వాకిట్లో ఉంటే కూడా దీనికి ఆకు పెట్టినాకే నేను పోయి కూర్చున్నా."

అవతల వరండాలో మాలకొండయ్య అన్నీ వింటున్నాడని హేమలతకు తెలుసు. చూపు తగ్గిన కొద్దీ ఆయనకు వినికిడి పెరిగింది. అత్త మాట అనకముందే తండ్రి ముఖంలో అది కనిపిస్తుంది ఈమధ్య. అత్తను ఏమనగలదు? తప్పు జరిగింది తన పుట్టింటి కుక్క వల్ల. తండ్రిని ఏమనగలదు? ఆయనకు కనబడలేదు. ఈ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా ఆమె పడిన పాటు ఒక్కటే... పుట్టింటి పేరు మీద ఎవరూ వేలు చూపకుండా చూసుకోవడం. ఆ సాయంత్రం దుకాణం నుంచి వచ్చిన భర్త పవన్ చెప్పులు విప్పకుండానే వేలు చూపాడు.

"రేపు ఆ కుక్కను ఆటోలో వేసి దోర్నాల రోడ్డులో వదిలేద్దాం. ఇంక మాటల్లేవు."

నులకమంచం మీద నుంచి మాలకొండయ్య అన్నాడు. "వదిలేదేంది నాయనా? దాన్ని నేనే తోలుకుపోతా. రేపు మంగళవారం, ప్రయాణం వద్దు. ఎల్లుండి పున్నమి, మంచిది. పొద్దున్నే పోతాం."

"నేను మిమ్మల్ని పొమ్మనలేదు మామా."

"నువ్వనలేదయ్యా. నేనే చెప్తాండా."

పవన్ తల్లి వైపు చూశాడు. తులసమ్మ తాబేలు వైపు చూస్తోంది. ఉండమని ఆమె నోటి నుంచి రాలేదు.

*

మంగళవారం పొద్దున తాబేలు గాయం మీద చీమలు పట్టి ఉన్నాయి. తులసమ్మ కొంగుతో దులిపింది. కాసేపటికి మళ్ళీ వచ్చాయి. ఆసుపత్రికి తీసుకుపోతే సర్కారువాళ్ళు తీసేసుకుంటారని ఎవరో చెప్పగా విని, ఇన్నేళ్ళలో ఆమె తాబేలును గడప దాటించలేదు. చీమలను చూశాక కోడలి చేతిలో పెట్టింది.

"ఎట్ల చేస్తావో తెలవదు. బతికించుకొని తీసుకురా."

హేమలత తాబేలును గంపలో పెట్టుకుని పాల్ రాజు ఆటో ఎక్కింది. పాల్ రాజు అదే వీధివాడు. మాలకొండయ్యను కంటి ఆసుపత్రికి తీసుకుపోయేది కూడా అతనే.

పశువుల డాక్టరు హన్నా తాబేలును బల్ల మీద పెట్టి, తడి దూదితో డిప్పను తుడిచింది. దూది పసుపుగా మారింది. వేళ్ళను ఒకదానితో ఒకటి రుద్దుకుని వాసన చూసింది.

"ఏం పూసినారమ్మా దీనికి?"

"పసుపు మేడం. గాయానికి."

"గాయానికి కాదు. ఒళ్ళంతా ఉంది. జిడ్డుగా ఉంది."

"అది నెయ్యి. కార్తీక సోమవారాలు అత్త పసుపూ ఆవునెయ్యీ కలిపి ఒళ్ళంతా పూసుద్ది. ఏటా పూసేదే."

"కుక్క ఇంటికొచ్చి ఎన్నాళ్ళయింది?"

"ఏడు నెలలు. ఉగాది తర్వాత వచ్చింది."

"అంతకు ముందెప్పుడన్నా దీని జోలికి పోయిందా?"

హేమలత ఆలోచించింది. పోలేదు. మొదట్లో ఒకసారి ముక్కు ఆనించి చూసి పక్కకు పోయింది. ఆ తర్వాత రెండూ ఒకే ఎండపొడలో పడుకునేవి. పోయిన సోమవారం మాత్రం పూజ అయ్యాక కుక్క, పిల్లి కలిసి తాబేలును నాకాయి. కూతురు హరిచందన చూసి చప్పట్లు కొట్టింది. "నాయనమ్మా, కర్రోడు సామికి నీళ్ళు పోస్తాంది చూడు" అన్నది. అందరూ నవ్వారు. తులసమ్మ కూడా నవ్వింది.

ఆ సంగతి చెప్పింది. హన్నా దూది పడేసి చేతులు సబ్బుతో కడుక్కుంది.

"పోయినవారం నాకింది. ఈవారం కొరికింది. నెయ్యి రాసిన ఎముకను కుక్క ముందు పెట్టినట్టే అయింది కదమ్మా ఇది. మీ అత్తకు ఇన్నేళ్ళు ఏమీ కాలేదంటే ఇంట్లో కుక్క లేదు కాబట్టి. నెయ్యి మానేసినా సరే, కుక్క తిరిగే చోట దీన్ని నేల మీద వదలగూడదు. ఈరోజు కొరకని కుక్క రేపు కొరకొచ్చు. పిల్లి గోరు గీరినా దీనికి చీము పడుద్ది. పిల్లలు దీన్ని ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాల. ఒకే ఇంట్లో ఇవన్నీ కలిసి ఉంటే ముద్దుగా ఉంటాయి, ఫోటోకి."

"డిప్పకు నొప్పి తెలుసుద్దా మేడం?"

"గోరనుకుంటారు అందరూ. గోరు కాదు. ఎముక. నొప్పి ఉంటది."

హన్నా గాయం కడిగి, మందు పూసి, ఊడిన అంచు మీద పలచటి గుడ్డ అంటించింది. సహాయకుడు ఏబేలు సూది మందు తెచ్చాడు. పని అయ్యాక ఆమె ఇంకో మాట చెప్పింది. అది నక్షత్ర తాబేలు. ఇంట్లో పెంచుకోవడానికి చట్టం ఒప్పదు. రెండు వారాలు గాయానికి మందు వేసి, ఆ తర్వాత మీరే తీసుకుపోయి అటవీశాఖకు అప్పగించండి, నేను ఫోన్ చేసి చెప్తాను అన్నది. పాలు పొయ్యొద్దని, ఆకులు, నాగజెముడు పండు పెట్టమని, డిప్పకు ఏదీ పూయవద్దని చీటీ రాసిచ్చింది.

ఆటోలో హేమలత గంపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చీటీని నాలుగు మడతలు పెట్టింది. తండ్రి నిలవడానికి ఒక్క మాట చాలు. అత్తా, తప్పు కర్రోడిది కాదు, నీ నెయ్యిది... అంటే చాలు. పవన్ ఇంక మాట్లాడలేడు. ఇంటికి పోయి గుమ్మంలోనే చెప్పేద్దామని అనుకుంది. రైల్వే గేటు దగ్గర ఆటో ఆగినప్పుడు మనసులో ఆ మాటను ఒకసారి అనుకుని చూసింది. అత్త ముఖం కళ్ళ ముందుకు వచ్చింది. నా చేత్తో సాకినా, ఒక్క గీత పడనియ్యలేదు... అన్న ముఖం. భర్త పోయిన మనిషికి ఈ ప్రాణం ఒక్కటి మిగిలింది. దాన్ని కొరికించింది నీ చెయ్యే అని ఆ చేతికి ఎలా చెప్పడం? గేటు లేచింది. ఆమె ఏదీ తేల్చుకోలేదు.

తులసమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"బతుకుద్దా?"

"బతుకుద్దంట అత్తా."

తులసమ్మ గంప తీసుకుంది. ఏడ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని, డాక్టరమ్మ ఏం చెప్పిందని అడిగింది.

"మందు వెయ్యమంది. పాలు వద్దంది. డిప్పకు ఏమీ పూయొద్దంది."

"పసుపు కూడానా?"

"ఏదీ వద్దంది."

"ఎందుకంట?"

"గాయం చీము పడుద్దంట" అన్నది హేమలత.

మధ్యాహ్నం మాలకొండయ్య బట్టలు మూట కట్టుకుంటుంటే ఆమె దగ్గరికి వెళ్ళి కూర్చుంది. చొక్కాలను ఆయన తడిమి మడత పెడుతున్నాడు. ఆమె తీసుకుని మడత పెట్టబోతే ఇవ్వలేదు.

"నాయనా, నువ్వు పోతే పొయ్యి ఎవురు వెలిగిస్తారు?"

"పొయ్యి ఎందుకు? పక్కింటి కోడలు ఒక ముద్ద పెట్టుద్దిలే."

"రోజూ పెట్టుద్దా?"

"పెట్టకపోతే కర్రోడూ నేనూ కలిసి అడుక్కుంటాం. వాడికి అనుభవం ఉంది." ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. "డాక్టరమ్మ ఏమనింది తల్లీ? నిజం చెప్పు. నీ గొంతు ఆటో దిగినప్పటి నుంచి ఒకరకంగా ఉంది."

హేమలత తండ్రికి అన్నీ చెప్పింది. నెయ్యి సంగతి, పోయిన సోమవారం సంగతి, అప్పగించమన్న సంగతి. చెబుతుంటే ఆమెకు ఏడుపు ఆగలేదు. మాలకొండయ్య మూట ముడి వేయడం ఆపి విన్నాడు.

"మీ అత్తకు చెప్పినావా?"

"లేదు."

"చెప్పొద్దు."

"చెప్తే నువ్వు ఉండొచ్చు గదా నాయనా..."

"ఉండొచ్చు. రోజూ ఆమె చెయ్యి పెట్టిన అన్నం తింటా ఉండాల. నీ చెయ్యే దాన్ని కొరికించిందని చెప్పినాక ఆ చేత్తో ఆమె నాకు అన్నం ఎట్ల పెట్టుద్ది, నేనెట్ల తినేది? ఆమె దేవుడని పూసిందమ్మా. నేను కొబ్బరిచిప్ప అని కూర్చున్నా. తప్పు లెక్కేస్తే నాదే పెద్దది. పోనీ."

ఆయన ముడి వేశాడు. ముడి తప్పింది. రెండోసారి వేశాడు.

*

బుధవారం కార్తీక పౌర్ణమి. తెల్లవారి ఆరున్నరకు తులసమ్మ తలస్నానం చేసి వరండాలోకి వచ్చింది. తాబేలు మందుతో గంపలో, లోపలి గదిలో ఉంది. డిప్పకు ఏమీ పూయొద్దని చెప్పారు కాబట్టి పూయలేదు. పున్నమి నాడు పూజ మానడానికి మాత్రం ఆమెకు మనసు ఒప్పలేదు. పూజప్పుడు తాబేలును కూర్చోబెట్టే పలకరాయి ఉంది. మార్కాపురంలో ప్రతి ఇంట్లో అరుగుకో, పెరటి దారికో వేసుకునే రాయే అది. పెంచలయ్య గనిలో నుంచి తెచ్చి అంచులు చెక్కించాడు. దాన్ని కడిగి, పసుపు, నెయ్యి కలిపి రాసి, కుంకుమ పెట్టి, దీపం వెలిగించింది. సామి లేని రాయికి హారతి ఇచ్చింది.

ఏడు గంటలకు పాల్ రాజు ఆటో వచ్చింది. పవన్ మూట తీసుకుపోయి ఆటోలో పెట్టాడు. హేమలత ఊరగాయ సీసా, మందుల సంచి పట్టుకుని నిలబడింది. హరిచందన బడికి తయారై, తాత చొక్కా కొస పట్టుకుని ఉంది. మాలకొండయ్య పెరట్లోకి వెళ్ళి తడిమి కర్రోడి తాడు విప్పాడు. సోమవారం నుంచి అది కట్టుమీదే ఉంది.

తాడు ఊడగానే కర్రోడు ఆటో వైపు పోలేదు. వరండాలోకి పోయింది. అప్పటికే పిల్లి పలకరాయి మీద ఉంది. ఒక చివర నుంచి పసుపు నాకుతోంది. కర్రోడు రెండో చివర నుంచి మొదలుపెట్టింది. నాకింది. కుంకుమ పోయింది, పసుపు పోయింది, రాయి తేలింది. కర్రోడు తల పక్కకు వాల్చి, పక్కపళ్ళతో రాయి అంచును పట్టుకుని కొరికింది. కరకరమని శబ్దం వచ్చింది. రాయి కొరుకుడు పడలేదు. మళ్ళీ కొరికింది.

దీపం ముందు కూర్చున్న తులసమ్మ అది చూస్తోంది. అదిలించలేదు. కుక్క మూడోసారి కొరికేదాకా చూసింది. తర్వాత తన అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. చేతిని కిందికి చాపింది. పిల్లి రాయి వదిలి వచ్చి ఆ వేళ్ళు నాకింది.

"ఉండన్నా" అన్నది తులసమ్మ.

మాలకొండయ్య తాడు కోసం తడుముతున్నాడు. "వచ్చేసినా చెల్లెమ్మా. తోలుకుపోతాండా. ఏమన్నా చెడగొట్టిందా ఇది?"

"ఉండు, నిన్నే. హేమా, ఇట్ల రా."

హేమలత వచ్చింది.

"డిప్పకు ఏమీ పూయొద్దని డాక్టరమ్మ అన్నది చీము పడుద్దనేనా?"

హేమలత తల వంచుకుంది.

"అడిగేది నిన్నే. నెయ్యి సంగతి చెప్పిందా లేదా ఆయమ్మ?"

గేటు దగ్గర నుంచి పాల్ రాజు అన్నాడు. "చెప్పింది గదమ్మా. అప్పుడు నేను ఆసుపత్రి తలుపు దగ్గరే ఉన్నా. నెయ్యి రాసిన ఎముక మాదిరి అనింది. అక్క చెప్పలేదా?"

"నువ్వు ఆటో చూసుకోబ్బా" అన్నాడు మాలకొండయ్య.

తులసమ్మ ఆయన వైపు తిరిగింది. "అంటే నీకూ తెలుసు."

మాలకొండయ్య మళ్ళీ తాడు కోసం నేల తడిమాడు.

"మీ ఇద్దరికీ తెలుసు. తెలిసి మూట కట్టినావు. తెలిసి నువ్వు వాళ్ళ నాయనకు ఊరగాయ కట్టినావు. నిన్నటి నుంచి నన్ను అట్లనే ఆ మనిషిని ఆడిపోసుకోనిచ్చినారు. ఎందుకే హేమా... నాకెందుకు చెప్పలేదు?"

"ఇన్నేళ్ళు దేవుడని చేసినావు అత్తా. దానివల్లే అయిందని నేనెట్ల చెప్పేది? నువ్వు అన్నం కూడా తినలేదు. నాకు నోరు రాలేదు."

తులసమ్మ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె తుడుచుకోలేదు. పసుపు చేతులు కదా, కళ్ళు మండుతాయని హేమలత తన కొంగుతో తుడవబోయింది. అత్త ఆ చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక అత్త తన చెయ్యి పట్టుకోవడం హేమలతకు గుర్తులేదు. ప్రసవమప్పుడు కూడా తలుపు బయటే కూర్చుంది. తొమ్మిదేళ్ళు ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర వండారు, ఒకే తాడు మీద బట్టలు ఆరేశారు. ఒకరినొకరు నొప్పించకుండా ఉండటమే మంచి అనుకున్నారు. ఇప్పుడు ఆ పసుపు చెయ్యి, ఆ జిడ్డు చెయ్యి తన మణికట్టు మీద బిగుసుకుంటుంటే, అత్త ఏదో గట్టు దాటడానికి ఊతం పట్టుకున్నట్టుగా ఉంది ఆమెకు.

"పవన్, ఆ మూట దింపు" అన్నది తులసమ్మ.

"అమ్మా, సామి?"

"డాక్టరమ్మ ఇంకేం చెప్పిందే హేమా? అన్నీ చెప్పు ఇప్పుడు."

హేమలత చెప్పింది. కుక్క తిరిగే చోట తాబేలు ఉండగూడదన్నది, చట్టం ఒప్పదన్నది, అప్పగించమన్నది. తులసమ్మ అంతా విన్నాక లేచి నిలబడింది.

"గాయం మానినాక అప్పగిద్దాం."

"అది నాయన తెచ్చిందమ్మా..." అన్నాడు పవన్.

"మీ నాయన తెచ్చినాడు కాబట్టే చెప్తాండా. రోడ్డు మీద బండి కింద పడుద్దని తెచ్చినాడాయన. పళ్ళ కింద పడేదానికి కాదు."

మాలకొండయ్య కర్ర కోసం గోడ తడిమాడు. "చెల్లెమ్మా, అట్ల చెయ్యొద్దు. నా కుక్క కోసం నీ సామిని పంపించేదేంది? నేను పోతా. నాకు మా ఊరు కొత్త కాదు."

"కుక్క కోసం ఎవురన్నా పంపుతారా అన్నా? నువ్వు పోయి మళ్ళీ మంటలో చెయ్యి పెట్టుకుంటే, నీ కూతురు నా ఇంట్లో అన్నం తినుద్దా? అది తినకపోతే నేను తింటానా? కూర్చో. టీ తాగు. పాల్ రాజు, నువ్వు కూడా రా. మాటలు మోసుకొచ్చినోడికి టీ అన్నా పొయ్యాల గదా."

"నేను ఉన్నదే చెప్పినా పిన్నమ్మా" అన్నాడు పాల్ రాజు, చెప్పులు విప్పుతూ.

మాలకొండయ్య మంచం మీద కూర్చున్నాడు. హరిచందన ఆయన పక్కన కూర్చుంది. తులసమ్మ బకెట్టు తెచ్చి, పలకరాయి మీద నీళ్ళు కుమ్మరించి, కుంకుడు రసంతో మూడుసార్లు రుద్దింది. జిడ్డు పోయిందో లేదో వేలితో చూసింది. హేమలత చెయ్యి వేయబోతే వద్దన్నది.

*

తాబేలు పదిహేను రోజులు లోపలి గదిలో తలుపు మూసి ఉంది. మందు వేసింది తులసమ్మ. హరిచందన చూడటానికి వెళ్ళినప్పుడల్లా బయటికి రాగానే చేతులు కడిగించింది. కుక్కను, పిల్లిని ఆ గది వైపు రానివ్వలేదు. తొమ్మిదో రోజున తాబేలు మునగాకు తిన్నది. ఆ రోజు తులసమ్మ కూడా కడుపునిండా తిన్నదని హేమలత భర్తకు చెప్పింది.

నవంబరు ఇరవయ్యో తేదీ, గురువారం పదకొండు గంటలకు తులసమ్మ, హేమలత, డాక్టరు హన్నా అటవీశాఖ కార్యాలయానికి వెళ్ళారు. అక్కడి ఉద్యోగి తాబేలును తూచాడు. కిలో ఏడువందల గ్రాములు. వెల్లకిలా తిప్పి అడుగుభాగం చూశాడు.

"ఆడది" అన్నాడు.

"ఏంది?" అన్నది తులసమ్మ.

"ఆడ తాబేలమ్మా ఇది. మగదానికి కింద గుంట ఉంటుంది. దీనికి చదును."

తులసమ్మ కోడలి వైపు చూసింది. "ఆడదంట హేమా. పందొమ్మిదేళ్ళు సామీ సామీ అని పిల్చినా. అందుకేనేమో, ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు."

హేమలతకు నవ్వు వచ్చింది. నవ్వుతుంటే ఏడుపు వచ్చింది. తులసమ్మ ఆమె వీపు నిమిరింది. ఎక్కడ వదులుతారని ఉద్యోగిని అడిగింది. కొన్నాళ్ళు పరిశీలనలో ఉంచి, గాయం చూసుకుని, అడవి అంచున వదులుతామని అతను చెప్పాడు. ఎవరైనా మళ్ళీ ఎత్తుకుపోతారేమోనని అడిగింది. వదిలే చోటు ఎవరికీ చెప్పబోమని అతను అన్నాడు. తులసమ్మ గంపలో నుంచి తుండుగుడ్డ తీసుకుని మడత పెట్టుకుంది. కాగితం మీద సంతకం చేసింది. తాబేలు తల బయటికి పెట్టింది, మళ్ళీ లోపలికి తీసుకుంది. ఆమె దానికి దండం పెట్టలేదు. వేలితో డిప్ప మీద ఒకసారి తట్టి, బయటికి వచ్చింది.

డిసెంబరు రెండో తేదీన తులసమ్మ మాలకొండయ్యను వెంటబెట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్ళింది. ముందు కర్రోడు నడిచింది. ఆయన చిరునామా పల్లె నుంచి మార్కాపురానికి మార్చాలని దరఖాస్తు పెట్టారు. ఆయన వేలిముద్ర వేశాడు. ఇంటి యజమాని సంతకం చేయాల్సిన చోట తులసమ్మ సంతకం చేసింది. ఈయన మీకేమవుతారని గుమాస్తా అడిగాడు.

"అల్లుడి ఇల్లని రాయి నాయనా, పవన్ పేరు..." అంటున్నాడు మాలకొండయ్య.

"ఇల్లు నా పేరు మీద ఉంది. అడిగేది నన్ను" అన్నది తులసమ్మ.

ఆమె చెప్పింది గుమాస్తా రాసుకున్నాడు. దరఖాస్తులో ఇంటి యజమానితో బంధుత్వం అని ఉన్న గడిలో 'సోదరుడు' అని నమోదైంది.